బస్సెక్కించాలా? తీగ మీద పంపాలా?

సినిమా అంటే రీళ్ళే అయిన రోజుల్లో విజయవాడ గాంధీనగర్ నుంచి మన ప్రాంతపు థియేటర్లకు రేకు పెట్టెలు వచ్చేవి. రెండున్నర గంటల బొమ్మంటే దాదాపు 14 రీళ్ళు, ఒక్కో రీలు వెయ్యి అడుగులు. పెట్టె అంతా కలిపి పాతిక ముప్ఫై కిలోలు. ఒకే ప్రింటుతో ఊళ్ళో రెండు హాళ్ళు నడిపే సందర్భాలూ ఉండేవి. ఇక్కడ ఆడిన రీలు చుట్టి, సైకిలు కేరియర్‌కి కట్టి అక్కడికి తోలేవారు. అందుకే రెండో హాల్లో ఆట అరగంట ఆలస్యంగా మొదలయ్యేది. సైకిలు పంక్చరైతే ఆ హాల్లో ఇంటర్వెల్ సాగేది. ప్రేక్షకులు విజిళ్ళు వేసేవారు, సోడాలవాడు సంతోషించేవాడు.

ఇప్పుడు రీలూ లేదు, సైకిలూ లేదు. సినిమా ఒక ఫైలు. థియేటర్లో ప్రొజెక్టర్ పక్కన సర్వర్ ఉంటుంది. సర్వర్ అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. రాత్రింబవళ్ళు మేలుకుని, అడిగినవాళ్ళకు అడిగింది తీసిచ్చే కంప్యూటర్, అంతే. డిజిటల్ సినిమాకు 2005లో హాలీవుడ్ స్టూడియోలు కలిసి రాసుకున్న నిబంధనల ప్రకారం బొమ్మ సెకనుకు 250 మెగాబిట్లు మించకూడదు. ఆ లెక్కన రెండున్నర గంటల సినిమా ఎంత పెద్దదైనా 280 గిగాబైట్ల దగ్గర ఆగుతుంది. దీన్ని థియేటర్లకు హార్డ్‌డిస్కులో పంపుతారు, లేదా ఉపగ్రహం ద్వారా దించుతారు. మన దేశంలో యూఎఫ్ఓ లాంటి సంస్థలు ఉపగ్రహాన్ని వాడుకున్నాయి. అందులో తెలివి ఏమిటంటే, ఉపగ్రహం ఒకసారి చెబితే గొడుగు పట్టిన ప్రతి హాలూ ఒకేసారి వింటుంది. ఊళ్ళో దండోరా వేసినట్టు. నరసరావుపేటకు ఒకసారి, అద్దంకికి ఒకసారి విడివిడిగా పంపనక్కర్లేదు.

సినిమాకు పంపేవాడు ఒకడు, పుచ్చుకునేవాళ్ళు వందలమంది. కానీ చాలా పనుల్లో అలా ఉండదు. ఒక చోట పోగుపడిన పెద్ద సరుకు ఇంకో చోటికి, ఒక్క చోటికే చేరాలి. అప్పుడు ఏ దారి ఎంచుకోవాలన్నదే ఈ వారం మన ముచ్చట.

ఇది కంప్యూటర్ కంపెనీల గొడవ, మనకెందుకు అనుకోకండి. మన ఊళ్ళ గ్రంథాలయాల్లో ఉన్న పాత పుస్తకాలు, పత్రికలు రేపు మన మనవళ్ళకు దొరుకుతాయా లేదా అన్నది దీని మీద చాలావరకు ఆధారపడి ఉంది. వేటపాలెం సారస్వత నికేతనం సంగతి మీకు తెలిసిందే. 1918లో పుట్టింది. 1929లో గాంధీజీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ ఉంది. మొన్నటిదాకా ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. పరిశోధన చేసేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఆ ఊరి దారి పట్టి వస్తారు, వేరెక్కడా లేని పాత కాగితాలు అక్కడ ఉంటాయని. ఆ కాగితాలకు చెదలు, చెమ్మ, సముద్రపు గాలి, మూడూ శత్రువులే.

అలాంటి ఒక చిన్న గ్రంథాలయం కమిటీవారు 500 పుస్తకాలు స్కాన్ చేయించారనుకుందాం. హైదరాబాదులో ఏదో విశ్వవిద్యాలయం వాళ్ళు మా సర్వర్లో చోటిస్తాం, పంపండి అన్నారనుకుందాం. ఎలా పంపాలి?

ముందు సరుకు ఎంతో తూచాలి. ఏ4 కాగితమంత పేజీని అంగుళానికి 300 చుక్కల చొప్పున రంగుల్లో స్కాన్ చేసి, ఏమీ కుదించకుండా దాస్తే పేజీకి సుమారు 26 మెగాబైట్లు. 300 పేజీల పుస్తకం 8 గిగాబైట్లకు దగ్గర. 500 పుస్తకాలు 4 టెరాబైట్లు. ఫైళ్ళ సంఖ్య లక్షన్నర.

తర్వాత దారి వెడల్పు చూడాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఇంటర్నెట్ వాళ్ళు ప్రకటనలో 100 అని వేస్తే అది మెగాబిట్లు. మన ఫైలు కొలిచేది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. అంటే 100 అన్నచోట సెకనుకు వచ్చేది పన్నెండున్నర మెగాబైట్లే. పైగా చాలా కనెక్షన్లలో దించుకునే దారి రహదారి, పైకి పంపే దారి డొంకదారి. సినిమాలు చూసేవాళ్ళకు దించుకోవడమే కావాలి కాబట్టి కంపెనీలు అలా కడతాయి. మన కమిటీకి కావలసింది పైకి పంపే దారి. కనెక్షన్ తీసుకునేటప్పుడు ఆ రెండో అంకె అడిగి తీరాలి.

పైకి పంపే వేగం 20 మెగాబిట్లు ఉందనుకోండి. 4 టెరాబైట్లు పోవడానికి పద్దెనిమిదిన్నర రోజులు పడుతుంది. అదీ రాత్రీ పగలూ ఆగకుండా, కరెంటు పోకుండా, ఎదురింటివాళ్ళు కొబ్బరికొమ్మ నరుకుతూ తీగ తెంపకుండా ఉంటే. 100 మెగాబిట్లయితే మూడు రోజుల పదిహేడు గంటలు. వెయ్యి మెగాబిట్లయితే తొమ్మిది గంటలు. మధ్యలో నెల కోటా అయిపోయి వేగం నత్తనడక పట్టిందంటే ఈ లెక్కలన్నీ నీటిమూటలే.

ఇప్పుడు బస్సు సంగతి చూద్దాం. 4 టెరాబైట్ల హార్డ్‌డిస్కు అరచేతిలో పట్టేస్తుంది. రాత్రి ఒంగోలులో బస్సెక్కితే ఎనిమిది గంటల్లో హైదరాబాదు. ఆ ప్రయాణాన్ని ఇంటర్నెట్ భాషలోకి మారిస్తే సెకనుకు 1,100 మెగాబిట్ల పైమాటే! టికెట్టు కొన్న మనిషి కిటికీ పక్కన కూర్చుని గురక పెడుతుంటే కూడా ఆ వేగం తగ్గదు.

అయితే ఈ లెక్క చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాళ్ళు ఒక విషయం దాచేస్తారు. డిస్కులోకి ఎక్కించాలి, అక్కడ మళ్ళీ దించాలి. మామూలు హార్డ్‌డిస్కు సెకనుకు 150 మెగాబైట్లు రాస్తుందనుకుంటే 4 టెరాబైట్లు ఎక్కడానికి ఏడున్నర గంటలు, దిగడానికి మరో ఏడున్నర. బస్సు ఎనిమిది. వెరసి 23 గంటలు. ఇప్పుడు నిజమైన వేగం సెకనుకు 390 మెగాబిట్లకు దిగుతుంది. మిరపకాయల లారీ రెండు గంటల్లో గుంటూరు చేరినా, యార్డులో దించడానికి హమాలీలు దొరికేదాకా సరుకు చేరినట్టు కాదు కదా.

కాబట్టి మన కమిటీకి తేలిన లెక్క ఇది. పైకి పంపే దారి సుమారు 400 మెగాబిట్లకు పైన ఉంటే తీగ గెలుస్తుంది. అంతకు తక్కువైతే బస్సు గెలుస్తుంది. సరుకు తక్కువైతే ఈ గొడవే లేదు, 5 గిగాబైట్ల కోసం ఎవరూ హైదరాబాదు బస్సెక్కరు.

బస్సు మాట చూసి నవ్వుకునేవాళ్ళకు రెండు సంగతులు. 2009లో దక్షిణాఫ్రికాలో ఒక ఐటీ కంపెనీ వాళ్ళు విసుగెత్తి పందెం పెట్టారు. విన్‌స్టన్ అనే పావురం కాలికి 4 గిగాబైట్ల మెమరీ కార్డు కట్టి హోవిక్ దగ్గర్నుంచి డర్బన్‌కి వదిలారు. పావురం ఎగిరి, కార్డులోది కంప్యూటర్లోకి ఎక్కించేసరికి రెండు గంటల చిల్లర. ఆ సమయానికి ఇంటర్నెట్ మీద పోయింది నూటికి నాలుగు వంతులే. ఇది సరదాకి చేసింది. సరదా కానిది 2017లో జరిగింది. కృష్ణబిలం ఫొటో తీయడానికి ప్రపంచం నలుమూలలా ఉన్న రేడియో టెలిస్కోపులను ఒకే సమయంలో తిప్పారు. సేకరించిన సమాచారం పెటాబైట్లలో ఉంది, అంటే మన నాలుగు టెరాబైట్లకు వెయ్యింతల పైన. దాన్ని ఏ తీగా మోయలేదు. హార్డ్‌డిస్కులను పెట్టెల్లో సర్ది విమానాల్లో పంపారు. దక్షిణ ధ్రువంలోని డిస్కులైతే అక్కడి శీతకాలం అయ్యేదాకా, విమానం దిగే వీలు చిక్కేదాకా నెలల తరబడి కూర్చున్నాయి. ప్రపంచమంతా చూసిన ఆ ఫొటో 2019లో వచ్చింది.

అమెజాన్ కంపెనీ 2016లో ఏకంగా 45 అడుగుల కంటెయినర్ లారీనే చూపించింది. వంద పెటాబైట్లు పట్టే లారీ. మీ ఇంటి ముందు నిలబెట్టి, సరుకు నింపుకుని, మా సర్వర్లలో దించుకుంటాం అన్నారు. 2024లో ఆ లారీ సేవ మానేశారు. డిస్కు పెట్టెలూ, వెడల్పయిన తీగలూ మెరుగుపడ్డాక అంత పెద్ద బండికి గిరాకీ లేదు. దేని కాలం దానిది.

సరే, తీగ మీదే పంపుదాం అనుకున్నారు. అప్పుడు ఏ వాహనం? ఫైళ్ళు పంపే పద్ధతుల్లో పెద్దన్నయ్య ఎఫ్‌టీపీ. దీన్ని రాసింది మన దేశస్థుడే. అభయ్ భూషణ్, అలహాబాదువాడు, ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్ విద్యార్థి. అమెరికాలో ఎంఐటీలో చదువుకుంటూ 1971 ఏప్రిల్‌లో ఆ పద్ధతికి నియమాలు రాశారు. అప్పటికి నెట్‌వర్క్ మీద ఉన్న కంప్యూటర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని, వాడేవాళ్ళంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళు. తలుపులకు తాళాలు అక్కర్లేని ఊరు. అందుకే ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ కూడా పోస్టుకార్డు మీద రాసినట్టు బహిరంగంగా పోతుంది. ఊరు పెరిగాక అది ప్రమాదమైంది. ఫిన్లాండులో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డులు కాజేస్తే, అక్కడి టాటూ యూలోనెన్ 1995లో ఎస్ఎస్‌హెచ్ అనే తాళం తయారు చేశారు. ఆ తాళం లోపల నడిచే ఎస్ఎఫ్‌టీపీ, ఎస్‌సీపీ లాంటివి ఎఫ్‌టీపీ చోటు తీసుకున్నాయి. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు రెండూ ఎఫ్‌టీపీకి సెలవు చెప్పేశాయి. ఎవరైనా ఇంకా, మా ఎఫ్‌టీపీలో పెట్టండి సార్, అంటే మర్యాదగా ఎస్ఎఫ్‌టీపీ ఉందా అని అడగండి.

కానీ పెద్ద ఫైలుకు దొంగల భయం కంటే తెగిపోవడం భయం ఎక్కువ. 200 గిగాబైట్లలో 190 పోయాక కరెంటు పోయింది. మామూలు కాపీ అయితే మళ్ళీ మొదటి బైటు నుంచి మొదలు. ఇది వైకుంఠపాళిలో పెద్దపాము నోట్లో పడ్డట్టే. ఇక్కడ పనికొచ్చేది ఆర్‌సింక్. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ 1996లో దీన్ని రాశారు. డబ్బు కట్టనక్కర్లేదు. ఇది చేసే పని వినడానికి బాగుంటుంది. అవతలి సర్వర్ తన దగ్గరున్న ఫైలును ముక్కలుగా చేసి, ప్రతి ముక్కకూ ఒక గుర్తు వేసి, ఆ గుర్తుల చిట్టా ఇవతలికి పంపుతుంది. ఇవతలిది తన ఫైలులో ఆ గుర్తులు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో చూసి, కలవని భాగం మాత్రమే పంపుతుంది. వియ్యాలవారికి సారె పంపే ముందు, ఏమేం ఉన్నాయో చెప్పండి వదినగారూ, లేనివే పంపుతాం, అని ఫోన్ చేసి కనుక్కున్నట్టు. తెగినచోట నుంచి అందుకోవాలంటే మాత్రం, సగం వచ్చిన ఫైలును పారేయవద్దని దానికి ముందే చెప్పాలి. ఆర్‌సింక్‌లో దానికి పార్షియల్ అనే ఆదేశం ఉంది. అది పెట్టకపోతే మళ్ళీ పాము నోరే.

లక్షన్నర ఫైళ్ళ సంగతి వేరే చూడాలి. దూరదేశం సర్వర్‌కు పంపేటప్పుడు ఇది మరీ బాధ పెడుతుంది. మన దగ్గర్నుంచి అమెరికాకు ఒక మాట వెళ్ళి జవాబు రావడానికి పావు సెకను దాకా పడుతుంది. కాంతి వేగానికీ ఒక హద్దు ఉంది మరి, గాజు తీగలో అది సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లే. ఒక్కో ఫైలుకు ముందూ వెనకా రెండుసార్లు, వచ్చిందా, వచ్చింది, అనుకున్నా అరసెకను. లక్షన్నర ఫైళ్ళకు ఈ కుశలప్రశ్నలకే ఇరవై గంటల పైన. సరుకు కదలకుండానే! దీనికి మందు మన రైతులకు చెప్పక్కర్లేదు. ఎవరూ మిరపకాయల్ని విడిగా లారీలో పోసి పంపరు. టిక్కీలు కడతారు. అలాగే ఒక పుస్తకం పేజీలన్నీ కలిపి ఒక్క మూట, అంటే టార్ ఫైలో జిప్ ఫైలో చేస్తే, లక్షన్నర కాస్తా 500 అవుతుంది. డిస్కులోకి కాపీ చేసేటప్పుడూ ఇదే మేలు, చిన్న ఫైళ్ళు విడివిడిగా రాయాలంటే హార్డ్‌డిస్కు ఆయాసపడుతుంది.

ఒక్క ఫైలే అయినా దూరం వల్ల ఇంకో ఇబ్బంది ఉంది. పంపే కంప్యూటర్ కొంత సరుకు పంపి, రసీదు వచ్చేదాకా ఆగి, మళ్ళీ పంపుతుంది. పాత ఏర్పాటులో ఒక విడతకు 64 కిలోబైట్లు. పావు సెకనుకు ఒక రసీదు లెక్కన మీ దారి ఎంత వెడల్పయినా సెకనుకు రెండు మెగాబిట్లే పారుతుంది. ఆరు వరసల రహదారి వేసి ఒక్క ఎడ్లబండిని తిప్పినట్టు. ఇప్పటి కంప్యూటర్లు ఒక్కో విడత పెద్దదిగా పంపడం నేర్చాయి. అయినా చాలక నాలుగైదు వరసల్లో ఒకేసారి పంపే ప్రోగ్రాములూ వాడుతున్నారు. వేగం కొలిచే సైటులో 100 చూపిస్తోంది, అమెరికా సర్వర్‌కు మాత్రం పది కూడా పోవడం లేదు, అని ఎవరైనా అంటే కారణం చాలాసార్లు ఇదే. కనెక్షన్ వాడిని తిట్టే ముందు ఒకసారి చూసుకోవాలి.

కుదించడం మీద కూడా అపోహలున్నాయి. జిన్నింగ్ మిల్లులో దూదిని ప్రెస్సులో నొక్కి 170 కిలోల బేలు కడతారు. గది నిండా ఉండే దూది మంచమంత చోటుకు వస్తుంది. కుదించని స్కానింగు బొమ్మలు ఆ విడి దూది లాంటివి, నొక్కితే బాగా తగ్గుతాయి. ఫోన్‌లో తీసిన జేపెగ్ ఫొటోలు, పెళ్ళి వీడియోలు, సినిమా ఫైళ్ళు అప్పటికే బేళ్ళు. వాటిని జిప్ చేస్తే ఒరిగేదేమీ లేదు, కంప్యూటర్ వేడెక్కడం తప్ప. మూట కట్టడానికి జిప్ వాడండి, తగ్గుతుందని కాదు.

ఇక చిట్టచివర కాటా. నా దృష్టిలో పద్ధతి ఎంపిక కంటే ఇదే పెద్ద సంగతి. మన పొలం దగ్గర తూచిన బరువు, యార్డులో తూచిన బరువు కలవకపోతే దారిలో ఏదో అయిందని తెలిసిపోతుంది. ఫైలు విషయంలో బరువు ఒక్కటే చాలదు. 4 గిగాబైట్ల ఫైలు 4 గిగాబైట్లుగానే చేరి, మధ్యలో ఒక్క బిట్టు తారుమారైనా పేజీ తెరుచుకోకపోవచ్చు. అందుకని ఎస్‌హెచ్‌ఏ-256 లాంటి లెక్క వేస్తారు. ఫైలు ఎంత పెద్దదైనా 64 అక్షరాల వేలిముద్ర వస్తుంది. లోపల ఒక్క చుక్క మారినా వేలిముద్ర మొత్తం మారిపోతుంది. ఇక్కడ వేసిన ముద్రలు, అక్కడ వేసిన ముద్రలు కలిస్తేనే సరుకు చేరినట్టు. అప్పటిదాకా ఇక్కడి ప్రతి చెరపకూడదు. చోటు లేదండీ, అని తొందరపడే కుర్రాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ఇంకో డిస్కు కొనివ్వండి వాళ్ళకు, అదే చవక.

ఇదంతా ఎందుకింత పట్టుపట్టి చెబుతున్నానంటే మన భాషకు ఈ అనుభవం ఇప్పటికే ఒకసారి అయింది. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటర్ రంగపు నోబెల్ అనిపించుకునే ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు, 2000 దశకం మొదట్లో పది లక్షల పుస్తకాలు స్కాన్ చేద్దాం అని ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఇక్కడ బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, చైనా సంస్థలు చేయి కలిపాయి. 2007 నాటికి లెక్క పదిహేను లక్షలు దాటింది. మన దేశపు భాగమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. వేల తెలుగు పుస్తకాలు అందులోకి ఎక్కాయి. పల్లెటూరి మాస్టారికీ, కాలిఫోర్నియాలో ఉన్న కొడుక్కీ ఒకేలా దొరికాయి.

దొరికాయి గానీ, ఆ సైటులో పుస్తకం పేజీ పేజీగా తెరుచుకునేది. రెండొందల పేజీల పుస్తకానికి రెండొందల నొక్కులు. ఓపిక నశించిన సాహిత్యాభిమానుల కోసం కొందరు కుర్రాళ్ళు చిన్న ప్రోగ్రాములు రాశారు. పుస్తకం నంబరు ఇస్తే అది పేజీలన్నీ తెచ్చి ఒక్క పీడీఎఫ్‌గా కుట్టి ఇచ్చేది. అప్పట్లో మన తెలుగువాళ్ళు ఒకరి దగ్గర్నుంచి ఒకరు డిస్కుల్లో, పెన్‌డ్రైవుల్లో నింపుకుని పంచుకున్న పుస్తకాలు ఎన్నో. కాపీహక్కుల వివాదాలు ముదిరి ఆ పాత సైటు తర్వాత మూతపడింది. అయినా పుస్తకాలు పోలేదు. లక్షల సంఖ్యలో ఫైళ్ళు అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ సర్వర్లకు అప్పటికే చేరాయి. ఈ రోజు పాత తెలుగు పుస్తకం కోసం వెతికితే ఎక్కువసార్లు తగిలేది అక్కడే. తెచ్చుకున్న ఫైళ్ళలో కొన్నిట్లో పేజీలు తప్పిపోయి ఉంటాయి, కొన్నిటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో తప్పులతడకగా ఉంటాయి. సరిచూడటానికి అసలు కావాలంటే మళ్ళీ ఆ బీరువాలోని పుస్తకం దగ్గరికే పోవాలి.

ఆ ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు కూడా తమ సరుకును ఒక్క చోటే నమ్మి ఉంచలేదు. 2002లో ఈజిప్టులో కొత్తగా కట్టిన అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి వంద టెరాబైట్ల ప్రతి ఇచ్చారు. పురాతన కాలంలో గ్రంథాలయం తగలబడిన ఊరు అది! అప్పటి తీగల మీద వంద టెరాబైట్లు పంపడమంటే మాటలు కాదు. అందుకని సమాచారాన్ని రెండు వందల కంప్యూటర్లలో నింపి, ఆ కంప్యూటర్లనే ఇచ్చేశారు.

మన కమిటీ దగ్గరికి వద్దాం. నన్నడిగితే బస్సూ కావాలి, తీగా కావాలి. మొదటి 4 టెరాబైట్లు డిస్కులో పంపండి. ఒకటి కాదు, రెండు డిస్కులు చేయండి. రెండూ ఒకే బస్సులో, ఒకే సంచీలో పెట్టకండి. ఒకటి వెళ్ళి, ముద్రలు సరిచూసుకున్నారని కబురు వచ్చేదాకా రెండోది బీరువాలోనే ఉండాలి. పార్సిల్‌లో వేస్తే డిస్కుకు తాళం, అంటే ఎన్‌క్రిప్షన్, వేసి పంపండి. తెలిసిన మనిషి చేతిలో పంపినా వేయండి, మనిషి మంచివాడే, సంచీ మరిచిపోయే బస్సు మంచిది కాదు. ఆ పాస్‌వర్డు డిస్కు మీద కాగితం అంటించి రాయకండి. సినిమావాళ్ళు దీన్ని బాగా పాటిస్తారు. ఫైలు ఒక దారిన, తెరిచే తాళంచెవి ఇంకో దారిన వస్తాయి. తాళంచెవి రాకపోతే బెనిఫిట్ షో ఆగిపోతుంది, అయినా పద్ధతి మార్చరు.

పెద్ద సరుకు చేరాక, ఆ పైన నెలనెలా స్కాన్ చేసే పదీ ఇరవై పుస్తకాల కోసం ఎవరూ బస్సెక్కక్కర్లేదు. పుస్తకం కుదించకుండా 8 గిగాబైట్లు, పది పుస్తకాలు 80. 20 మెగాబిట్ల దారి మీద కూడా తొమ్మిది గంటల్లో పోతుంది. రాత్రి తొమ్మిదికి ఆర్‌సింక్ మొదలుపెట్టి, చిన్న యూపీఎస్ తగిలించి తలుపు వేసుకుని వెళ్ళిపోతే పొద్దున్నే ఊడ్చే ఆమె వచ్చే వేళకు పని అయి ఉంటుంది. అప్పటికే అక్కడున్న 500 పుస్తకాల జోలికి అది పోదు, కొత్తవే పంపుతుంది. ఇందుకు కావలసిందల్లా ఇక్కడా అక్కడా ఫోల్డర్ల పేర్లు ఒకేలా ఉండటం. మధ్యలో ఎవరో ఉత్సాహవంతుడు ఫోల్డర్ పేరు మార్చాడంటే ఆర్‌సింక్ దాన్ని కొత్త సరుకనుకుని 4 టెరాబైట్లూ మళ్ళీ మొదలుపెడుతుంది.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. స్కానింగు కుర్రాళ్ళు ఫైళ్ళకు 1, 2, 3 అని పేర్లు పెట్టేస్తారు. రెండు పుస్తకాలు ఒకే ఫోల్డర్లో పడ్డ రోజున ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది, కాటాలో తేడా కూడా కనిపించదు. గ్రంథాలయం రిజిస్టరులో పుస్తకానికి ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరుతోనే ఫైలు పేరు మొదలుపెట్టించండి. పుస్తకం పేరు, రచయిత, అచ్చయిన సంవత్సరం ఒక పట్టికలో తెలుగులోనే టైపు చేయించి, దాని పక్క గడిలో వేలిముద్ర అంకె వేయించండి. ఆ పట్టిక మహా అయితే ఒక మెగాబైటు ఉంటుంది. దాన్ని డిస్కులో పెట్టడంతో పాటు ఈమెయిల్లోనూ పంపండి, ఒక ప్రతి కాగితం మీద అచ్చు తీసి రిజిస్టరులో అంటించండి.